తలుపు వేశాక అడిగే ప్రశ్న

“ముందు వాళ్ళమ్మని కుర్చీలోంచి లేపు. ఆ తర్వాత మేనత్తని. తాతగారు కూడా వచ్చుంటే ఆయనకి కాఫీ మిషన్ చూపించు. అది ఒక పట్టాన కాఫీ ఇవ్వదు. ఆయన దాంతో పోట్లాడుకుంటూ పావుగంట అక్కడే ఉండిపోతాడు. అప్పుడు తలుపెయ్యి. తలుపేశాక అడుగు. ఇంకే కాలేజీలోనైనా పేరు రాయించుకున్నావా, ఒక్క రోజుకైనా, అని.”

“ఆ ప్రశ్న దరఖాస్తులోనే ఉంది కదండీ,” అంది యెసేనియా.

“దరఖాస్తు అడిగితే దరఖాస్తుకి జవాబు చెప్తారు. అమ్మ పక్కనుంటే అమ్మకి చెప్తారు. నీకు చెప్పాలంటే అక్కడ నువ్వు తప్ప ఇంకెవరూ ఉండకూడదు,” అంది డియోలిండా.

యెసేనియా పుస్తకంలో రాసుకుంది. ఆ గదిలోకి వచ్చి వారమైంది. ఇంకో మూడు వారాల్లో డియోలిండా సిమస్ ఉద్యోగం నుంచి దిగిపోతే ఆ కుర్చీ తనదే. నగరంలో పెద్ద కాలేజీలో నాలుగేళ్ళు ఇదే పని చేసి వచ్చింది కాబట్టి నేర్చుకోవలసింది పెద్దగా ఉండదనుకుంది. ఈ వారంలో పుస్తకం సగం నిండింది.

శాన్ మార్సెలో కాలేజీలో డియోలిండా ఇరవై ఏడేళ్ళుగా ఒకటే పని చేస్తోంది. ఇక్కడ రెండేళ్ళ చదువు ముగించిన వాళ్ళని మిగతా రెండేళ్ళకి పెద్ద యూనివర్సిటీకి పంపడం. వినడానికి బస్సెక్కించినంత తేలిక. చేసేవాళ్ళకి మాత్రం అది బిందెలోంచి బిందెలోకి నీళ్ళు వంపడమే. ఎంత జాగ్రత్తగా వంపినా కాసిని నేలపాలవుతాయి. ఇక్కడ చదివిన క్లాసు అక్కడ చెల్లదంటారు, చెల్లిన క్లాసుకి మార్కు చాలదంటారు, మార్కు చాలినా కాగితం అందలేదంటారు. ఎవరి బిందెలోంచి ఎంత పోయిందో డియోలిండా పేరు పేరునా చెప్పగలదు. ఆ లెక్క తన దగ్గరే మొదలుపెడుతుంది.

“తొమ్మిదేళ్ళకి సముద్రం అవతలి దీవుల నుంచి వచ్చాను. మా బాబాయి పాలదొడ్డికి,” అంది డియోలిండా. పండగ రొట్టె ముక్క కోసి కాగితం మీద పెట్టి యెసేనియా వైపు జరిపింది. “తెల్లారి ఆవుల దగ్గర, తర్వాత అవే బూట్లతో బడికి. పిల్లలు ముక్కు మూసుకునేవాళ్ళు. చదివింది ఈ కాలేజీలోనే. అరవై ఎనిమిది క్రెడిట్లు సంపాదించుకుని, తల దువ్వుకుని, యూనివర్సిటీకి వెళ్ళాను. కిటికీ అవతల ఒకాయన కాగితం అటూ ఇటూ తిప్పి నలభై ఒకటి పనికొస్తాయన్నాడు. మిగతావో అన్నాను. మిగతావి మీ సరదా కోసం చదువుకున్నవి అన్నాడు.”

“అయ్యో!”

“మా అన్న ఏమన్నాడో తెలుసా? ఆవుని ఈ దొడ్లోంచి ఆ దొడ్లోకి తోలితే ఎవడూ దాని పాలు తగ్గించి రాసుకోడు, నీ చదువెందుకు తగ్గించారే, నువ్వు ఆవుకంటే తీసికట్టా అన్నాడు.”

“మీరేమన్నారు?”

“ఏమంటాను, వెళ్ళి పాలు పితికాను. మూడేళ్ళు.” రొట్టె కత్తి తుడిచి సొరుగులో పెట్టింది. “తిను. ఎండిపోతే గొంతుకి అడ్డం పడుతుంది.”

ఆ మూడేళ్ళ తర్వాత మళ్ళీ ఎలా చదివిందీ, ఇదే కాలేజీలో రికార్డుల గుమస్తాగా ఎలా చేరిందీ యెసేనియా అడగబోతుంటే విల్మర్ వచ్చాడు. బుధవారం మధ్యాహ్నం రెండు దాటింది. జూన్ ఎండ. బూట్లకి బాదం తోటల తెల్లటి దుమ్ము. తోటలో నీళ్ళు కట్టడం మధ్యలో వదిలేసి వచ్చినట్టు ఒక ప్యాంటు కాలు మోకాలి దాకా తడిసి ఉంది.

విల్మర్ ఒరాంటెస్‌కి ముప్ఫై మూడేళ్ళు. తోటలో నీళ్ళ మేస్త్రీ. ఒకసారికి రెండు క్లాసుల చొప్పున, రెండేళ్ళ చదువు ఐదేళ్ళు చదివాడు. కాలవలో ఏ రోజు ఎన్ని నీళ్ళు వదలాలో ఎక్కడో కూర్చుని ఎవరో నిర్ణయిస్తారు, ఆ ఎవరో ఎలా నిర్ణయిస్తారో తెలుసుకోవాలని అతని కోరిక. ఏప్రిల్లో యూనివర్సిటీలో సివిల్ ఇంజనీరింగ్ సీటు వచ్చింది. ఆ రోజు వాళ్ళ మామగారు ఆఫీసు మొత్తానికీ సరిపడా పుపూసాలు బుట్టలో పెట్టి పట్టుకొచ్చాడు. జున్ను కూరిన ఆ మొక్కజొన్న రొట్టెలు కాపలా వాళ్ళ దాకా అందాయి.

“మిస్,” అన్నాడు విల్మర్. ఫోన్ బల్ల మీద పెట్టాడు.

డియోలిండా కళ్ళద్దాలు పెట్టుకుని చదివింది. తర్వాత యెసేనియాకి జరిపింది. మీరు మరో కాలేజీలో చేరిన సంగతి దరఖాస్తులో తెలపలేదు, ఆ కాలేజీ మార్కుల జాబితా, మీ సంజాయిషీ ఈ శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా మాకు అందకపోతే సీటు రద్దు చేస్తాం అని ఉంది. ఉత్తరం వచ్చి ఎనిమిది రోజులైంది.

“ఎనిమిది రోజులా?” అంది యెసేనియా.

“కాలేజీ మెయిల్‌కి వచ్చింది. క్లాసులైపోయాయి కదా అని దాన్ని చూడ్డం మానేశాను.”

డియోలిండా అతన్ని తిట్టలేదు. “ఎక్కడ?” అంది.

“పాలో బ్లాంకోలో. కానీ నేను చదవలేదు మిస్! పంతొమ్మిదేళ్ళప్పుడు. నాలుగు రోజులు వెళ్ళాను, ఇంగ్లీషు క్లాసుకి. ఐదో రోజు పిస్తా కోతలు మొదలయ్యాయి.”

“మానేస్తున్నానని కాగితం ఇచ్చావా?”

“మానేస్తే చాలనుకున్నాను.”

“నువ్వు వచ్చేశావు, నీ పేరు అక్కడే ఉండిపోయింది. పరీక్షకి రాలేదు కాబట్టి ఫెయిలని రాసుంటారు.”

“నాలుగు రోజుల్లో ఎలా ఫెయిలవుతాను? ఇంకా టెక్స్ట్ బుక్కే కొనలేదు!”

యెసేనియాకి నవ్వొచ్చింది. అతని మొహం చూసి ఆపుకుంది. “దరఖాస్తు నింపేటప్పుడు మిమ్మల్ని అడగలేదా ఈ సంగతి?” అంది, తలుపు గురించి ఇందాక రాసుకున్న పేజీ ఇంకా తెరిచే ఉండగా.

జవాబు డియోలిండాయే చెప్పింది.

“అడిగాను. వాళ్ళ మామగారు పక్కనుండగా అడిగాను.”

అది కిందటి అక్టోబరు. మామగారి పేరు ఎవరిస్తో, గౌరవంగా డాన్ ఎవరిస్తో అంటారు, డెబ్భై ఒక్కేళ్ళు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని, అల్లుడి పక్కన కూర్చున్నాడు. అలాంటి గదిలో కూర్చోవడం ఆయనకి అదే మొదటిసారి. డియోలిండా లేవమందామనుకుంది. మోకాలి మీది టోపీ చూసి అనలేకపోయింది. ఆయన గోడ మీది పటాలన్నీ ఒక్కొక్కటే చూసి, ఒకటే మాట అన్నాడు: మా అల్లుడు మొదలుపెట్టింది ఏదీ మధ్యలో వదల్లేదు, రాసుకోండి. ఆ మాట ఆయన అందరికీ చెప్తాడు, తోటలో, చర్చి మెట్ల మీద, మంగలి షాపులో. అది అన్న వెంటనే డియోలిండా అడిగింది, ఇంకెక్కడైనా పేరు రాయించుకున్నావా నాయనా అని. విల్మర్ లేదన్నాడు.

“ఇంకేం చెప్పను మిస్,” అన్నాడు విల్మర్ ఇప్పుడు. “నోయెమీని ఇమ్మని అడగడానికి వెళ్ళినప్పుడే చెప్పేశారాయన. పని మధ్యలో వదిలేసేవాడికి పిల్లనివ్వనని. అప్పటికి నేను కాలేజీ వదిలేసి రెండు నెలలు. నోరెత్తలేదు. పధ్నాలుగేళ్ళు ఎత్తలేదు. నోయెమీకి కూడా తెలీదు.”

“సరే,” అంది డియోలిండా. “ఇవాళ బుధవారం. ఎండాకాలం పాలో బ్లాంకో కాలేజీ శుక్రవారం తెరవరు.”

యెసేనియా గడియారం చూసింది. పాలో బ్లాంకో రెండున్నర గంటల దారి. అక్కడ ఆఫీసు నాలుగింటికి మూసేస్తారు. ముందు ఫోన్ చేసి వాళ్ళ దగ్గర అతని రికార్డు ఉందో లేదో కనుక్కోవాలి. ఫోన్ చేసింది. ఒరాంటెస్ అన్న పేరుతో ఎవరూ లేరని అవతలి గుమస్తా అంది. పుట్టిన తేదీ చెప్పినా లేరనే అంది. ఆ క్షణం విల్మర్ మొహం వికసించింది, పొరపాటున ఉత్తరం వచ్చిందేమోనని.

డియోలిండా ఫోన్ అందుకుంది. “నీ రెండో ఇంటిపేరేంటి?” అంది అతనితో.

“చికాస్. అమ్మవైపుది.”

“అమ్మా, చికాస్ కింద చూడండి,” అంది ఫోన్లో. “అవును, మొదటిది వదిలేసి చివరిది తీసుకున్నారు. మీరు కాదులెండి, అప్పటి మనిషెవరో.” కాసేపు విని, ఒక అంకె రాసుకుని, పెట్టేసింది. “ఉంది. ఇంగ్లీషు, మూడు క్రెడిట్లు, ఫెయిలు. కంప్యూటర్లో పంపితే ఐదు పనిదినాలట. మనిషి వెళ్తే అప్పటికప్పుడు కవర్లో పెట్టి సీలు వేసిస్తారు. రేపు పాలో బ్లాంకో, ఎల్లుండి యూనివర్సిటీ. సీలు విప్పావంటే చెల్లదు.”

“రేపు బస్సుంది మిస్.”

“ఎన్నింటికి చేరుతుంది?”

“నాలుగున్నరకి.”

తోట ట్రక్కు బయటికి తీసుకెళ్ళనివ్వరు. కారు నోయెమీ ఆస్పత్రి డ్యూటీకి తీసుకెళ్తుంది. విల్మర్ ప్యాంటు కాలు మెల్లగా కిందికి దించుకున్నాడు. తడి ఆరిపోయి మట్టి చారలు మిగిలాయి.

“మామగారికి పికప్ ఉంది,” అన్నాడు చివరికి.

“ఉంది,” అంది డియోలిండా.

సంజాయిషీ రాయడం మిగిలింది. నగరంలో ఇలాంటివి యెసేనియా చాలా రాయించింది. నాలుగు నిమిషాల్లో కంప్యూటర్ మీద ఒక ముసాయిదా చేసి చూపించింది. డియోలిండా మొదటి వాక్యం దగ్గరే ఆగింది.

“అనివార్య కారణాల వల్ల అని రాశావు. ఈ అనివార్య ఎవరు?”

“అంటే, అలాంటి ఉత్తరాల్లో—”

“పిస్తా కోతలని రాయనీ. వాళ్ళకి ఊళ్ళో పిస్తా ఎప్పుడు కోస్తారో తెలీకపోతే తెలుసుకుంటారు.” కాగితం, పెన్ను విల్మర్ ముందు పెట్టింది. “నువ్వే రాయి. జరిగింది జరిగినట్టు. క్షమించమని ఒక్కసారి చాలు.”

అతను రాస్తుంటే ఆమె కూడా పక్కకి తిరిగి ఇంకో కాగితం మీద రాయడం మొదలుపెట్టింది. యెసేనియా భుజం మీదుగా చూసింది. విల్మర్‌ని ఆ ప్రశ్న కుటుంబసభ్యుల ఎదుట అడిగాను, విడిగా అడగాలని తెలిసీ అడగలేదు, ఆ పొరపాటు నాది అని ఉంది.

“మీ మీదెందుకు వేసుకుంటారు?” అంది యెసేనియా గొంతు తగ్గించి. “ఇంకో మూడు వారాలు. ఇరవై ఏడేళ్ళ సర్వీసు ఫైల్లో ఈ కాగితం పడుతుంది.”

“వేసుకోవడం లేదమ్మాయ్. నాదే.” సంతకం చేసి తేదీ వేసింది.

తర్వాత యూనివర్సిటీలో లైల్‌కి ఫోన్ చేసింది. లైల్ అక్కడ బదిలీ మీద వచ్చేవాళ్ళ కాగితాలు చూసే మనిషి. ఇరవై రెండేళ్ళుగా వారానికి రెండుసార్లు మాట్లాడుకుంటారు, ఇంతవరకూ ఒకరినొకరు చూడలేదు. ఈస్టర్‌కి ఆమె రొట్టె పంపిస్తుంది, అతను ఖాళీ డబ్బాలో నిమ్మకాయలు పెట్టి తిప్పి పంపిస్తాడు.

“లైల్, శుక్రవారం ఒక కవరు చేత్తో తెస్తారు. ఎక్కడివ్వాలి?”

“రెండో అంతస్తు. కవరు మీద నా పేరు రాయించు.” ఫోన్ స్పీకర్లో ఉంది కాబట్టి ఆ గొంతు గదిలో అందరికీ వినపడింది. “ఏమవుతుందో చెప్పలేను, డియోలిండా. పైవాళ్ళ చేతిలో ఉంటుంది.”

“నేనడగలేదుగా.”

“అడగలేదు. అందుకే చెప్తున్నా.”

విల్మర్ వెళ్ళిపోయాక యెసేనియా తన పుస్తకం తీసి తలుపు పేజీలో ఏదో రాయబోయి ఆగింది. “మీరు సాయం చెయ్యమని లైల్‌ని అడగొచ్చుగా. ఇరవై రెండేళ్ళ స్నేహం.”

“ఒకసారి అడిగితే ఒక్కసారికే పనికొస్తుంది. అడక్కపోతే ఏటా పనికొస్తుంది.”

గురువారం గడిచింది. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి లైల్ నుంచి ఒక్క ముక్క వచ్చింది: కవరు అందింది. ఆ తర్వాత ఏమీ రాలేదు. డియోలిండా మామూలుగానే వచ్చిపోయింది. పాత ఫైళ్ళు అట్టపెట్టెల్లో సర్దింది. గోడ మీది పెద్ద పట్టీ, ఏ క్లాసు ఏ యూనివర్సిటీలో దేనికి సమానమో నీలం పెన్సిలుతో ముప్ఫై రంగాలకి గీసుకున్నది, కంప్యూటర్లోకి ఎలా ఎక్కించాలో యెసేనియాతో మూడుసార్లు చెప్పించుకుని మూడుసార్లూ వద్దంది. సోమవారం మధ్యాహ్నం మాత్రం రొట్టె కోసి, తినకుండా, మళ్ళీ గుడ్డలో చుట్టేసింది. యెసేనియా చూసింది, చూడనట్టు ఊరుకుంది.

మంగళవారం పొద్దున్న తొమ్మిదింటికి విల్మర్ వచ్చాడు. వెనక డాన్ ఎవరిస్తో, టోపీ చేతిలో.

సీటు ఉంది. ఆ ఫెయిలు మార్కు లెక్కలోకి వస్తుంది, సగటు కాస్త దిగుతుంది, దిగినా సరిపోతుంది. ఆగస్టులోగా చివరి క్లాసుల మార్కులు పంపాలి. ఉత్తరం ఆరు వరుసలు. డియోలిండా రెండుసార్లు చదివింది.

“నా కాగితం సంగతేమన్నా రాశారా?” అంది.

“లేదు మిస్.”

“మంచిది.”

డాన్ ఎవరిస్తో ఈసారి కూర్చోలేదు. తలుపు దగ్గరే నిలబడి యెసేనియా వైపు తిరిగి మాట్లాడాడు, ఆమె కొత్త మనిషి కాబట్టి ఆమెకి చెప్పడమే తేలికన్నట్టు.

“పికప్‌లో ఊరు దాటగానే మొదలుపెట్టాడండీ. స్టీరింగ్ నా చేతిలో ఉందని ధైర్యం. మామా ఒక మాట, మామా ఒక మాట అని రెండు గంటలు. పాలో బ్లాంకో బోర్డు కనపడేదాకా ఆ ఒక్క మాట బయటికి రాలేదు.”

“మీకు తెలుసని ముందే నాకు చెప్పొచ్చుగా,” అన్నాడు విల్మర్.

“నువ్వెంతసేపు తిప్పుతావో చూద్దామని.”

“మీకు తెలుసా?” అంది డియోలిండా.

“ఆ ఏడు పిస్తా కోతల్లో చెట్టు ఊపే బండి నాదే కదమ్మా. వీడు కొత్తగా వచ్చాడు. మధ్యాహ్నం అందరూ తినేటప్పుడు అన్నం డబ్బా కింద ఒక కాలేజీ నోటుబుక్కు పెట్టుకుని కూర్చునేవాడు. అట్ట మీద కాలేజీ బొమ్మ. ఒకరోజు గాలికి తెరుచుకుంది. నాలుగు పేజీలే రాసుంది. తర్వాతంతా తెలుపు.” ఆయన టోపీ అంచు ఒకసారి చుట్టూ తిప్పాడు. “కోతలు అయ్యేదాకా రోజూ తెచ్చాడు ఆ పుస్తకం. వదిలేసిన వాడైతే దాన్ని రోజూ ఎందుకు మోస్తాడు? అందుకే పిల్లనిచ్చాను.”

విల్మర్ కిటికీ వైపు తిరిగాడు. బయట పార్కింగ్‌లో పికప్ తప్ప చూడ్డానికి ఏమీ లేదు.

“అయితే ఆ అక్టోబరులో ఇక్కడ కూర్చుని,” అంది డియోలిండా, ఒక్కో మాటా ఏరుకుంటూ, “నేను అడిగినప్పుడు, వీడు లేదన్నప్పుడు, మీకు తెలుసు.”

“తెలుసు. మీరు కాలేజీ గురించి అడుగుతున్నారు, నాలుగు రోజులు కూడా కాలేజీయేనని నాకేం తెలుసు? నేనసలు ఒక్కరోజూ వెళ్ళలేదే!” ఆయన నవ్వాడు. “మీరు నన్ను బయటికి పొమ్మనుంటే పోయేవాణ్ణమ్మా. ఆ కుర్చీ అసలే గట్టిగా ఉంది. నడుము పట్టేసింది.”

డియోలిండా కూడా నవ్వింది. కాసేపే. గుడ్డ విప్పి, సోమవారం రొట్టె నాలుగు ముక్కలు చేసి నలుగురికీ ఇచ్చింది. కాస్త ఎండిపోయింది. డాన్ ఎవరిస్తో కాఫీ అడిగాడు. మిషన్ ఎక్కడుందో విల్మర్ చూపించడానికి వెళ్ళాడు. కాసేపటికి హాల్లో ఆయన దాన్ని చేత్తో కొడుతున్న చప్పుడు, వద్దు మామా అని అల్లుడి గొంతు, వినపడ్డాయి.

యెసేనియా పుస్తకం తెరిచింది. తలుపు పేజీ కింద ఖాళీ జాగా ఉంది. ఏం రాయాలో తోచలేదు. “ఆయన్ని బయటికి పంపకపోవడమే పొరపాటు. పంపుంటే ఏమీ అనుకునేవాడు కాదు,” అంది.

“అదే మరి. వాళ్ళేమనుకుంటారోనని మనమే అనుకుంటాం. టోపీ ఆయనది, మొహమాటం నాది.” డియోలిండా కళ్ళద్దాలు తుడుచుకుంది. అద్దాల తలుపులోంచి హాలు కనపడుతోంది. తొమ్మిదిన్నరకి రావలసిన అమ్మాయి అప్పుడే వచ్చి కూర్చుంది. వచ్చే ఏడాదికి దరఖాస్తు పెట్టబోతోంది. ఒకవైపు తల్లి, ఇంకోవైపు మేనత్త. ముగ్గురూ చర్చికి వెళ్తున్నట్టు తయారై వచ్చారు. మేనత్త ఒళ్ళో పెద్ద రేకు డబ్బా. దాని మీద చేతులు రెండూ పెట్టుకుని, మూత లేచిపోతుందేమో అన్నట్టు కూర్చుంది.

డియోలిండా ఆ డబ్బా కేసి కాసేపు చూసింది. తర్వాత తన కుర్చీ వెనక్కి జరుపుకుని, యెసేనియాకి దారిచ్చింది.

“చూశావా ఆవిడని? పిండివంట తెచ్చింది, మనకోసం. అలాంటివాళ్ళని లేపడం నావల్ల కాదు. ఇరవై ఏడేళ్ళు ప్రయత్నించాను. నువ్వెళ్ళు. తల్లిని మామూలుగా అడిగితే లేస్తుంది. ఆవిణ్ణి మాత్రం డబ్బాతో సహా తీసుకెళ్ళు. డబ్బా ఇక్కడ పెట్టించుకున్నావంటే మూత కోసమని మళ్ళీ లోపలికొస్తుంది.”